హాలు నేల

జనవరి 19, శుక్రవారం

ఇల్లు కడిగాను. హాలుకే రెండు బకెట్లు. బాల్కనీ తలుపు దగ్గర మొజాయిక్ కుంగినచోట నీళ్ళు ఎప్పట్లాగే నిలబడిపోయాయి. బట్టతో ఒత్తి తీశాను. అక్కడ చిప్స్ లేచిపోతున్నాయి. ముందు ఆకుపచ్చవే పోతున్నాయి, ఎందుకో.

తడి ఆరేదాకా ఆయన కాళ్ళు సోఫా మీద పెట్టుకుని కూర్చున్నారు. "ఈ నేల మార్చేద్దాం" అన్నారు. నేనేం అనలేదు. పేపరు చదువుతూ అన్న మాట, పేపరుతోనే పోతుందిలే అనుకున్నా.

జనవరి 21, ఆదివారం

పోలేదు. చిన్నాడికి ఫోన్ చేసి చెప్పారట. వాడికేం, "వుడెన్ ఫ్లోరింగ్ వేయించేద్దాం నాన్నా, పగలగొట్టే పని లేదు, ఉన్న నేలమీదే పరిచేస్తారు" అన్నాడు. పగలగొడితే దుమ్ము. దుమ్ము ఆయనకి పడదు. కింద ఫ్లాటువాళ్ళూ ఊరుకోరు. అన్నీ సరే. చెక్క నేలని కడిగేదెలా?

అడిగితే ఇద్దరూ నవ్వారు. ఫోన్లో ఒకడు, ఎదురుగా ఒకరు.

జనవరి 24, బుధవారం

రాత్రి మళ్ళీ దగ్గు. మంచం మీద పడుకుంటే ఊపిరాడటం లేదని ఈమధ్య రాత్రిళ్ళు హాల్లో వాలుకుర్చీలోనే ఆయన. పక్కన చాపేసుకుని నేను. మంచం హాల్లోకి లాగుదామంటే వచ్చేపోయేవాళ్ళకి బాగోదంటారు. వచ్చేదెవరు?

చాప మీద బొంత, బొంత మీద దుప్పటి. అయినా తెల్లారుజాముకి కిందనుంచి చలి ఎక్కి నడుం పట్టేస్తోంది. ఆయనతో అనలేదు.

జనవరి 27, శనివారం

దొండపర్తి వైపు షాపుకి వెళ్ళాం. మెట్లు నాలుగే. మధ్యలో ఆగారు, బోర్డు చదువుతున్నట్టు.

గోడ నిండా చెక్క ముక్కలు. ఓక్, వాల్‌నట్, మేపుల్. ఓక్ చెట్టు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. టేకు లేదా బాబూ అంటే, టేకు డిజైన్ ఉందమ్మా అన్నాడు షాపబ్బాయి. డిజైనే. పైన కనబడేది చెక్క కాదట, కాగితం మీద అచ్చేసిన ఫోటో. గీతలు పడకుండా దానిమీద ఒక గట్టి పొర. కిందంతా చెక్కపీచు జిగురుతో కలిపి నొక్కేసిన బోర్డు. ఆయన జేబులోంచి వెర్నియర్ తీశారు. రిటైరయి ఇన్నేళ్ళయినా మిల్లులో పనిచేసిన అలవాటు పోలేదు. కొలిచి, "8 మిల్లీమీటర్లు, కరెక్టే" అన్నారు. షాపబ్బాయి ముఖం చూడాలి.

"మన వైజాగ్‌లో తేమ ఎక్కువ సార్, ఎస్‌పీసీ తీసుకోండి. రాతిపొడి, ప్లాస్టిక్. నీళ్ళు పోసినా ఏం కాదు" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం ఒక చెయ్యి దానిమీద, ఒక చెయ్యి దీనిమీద ఆనించి అలాగే ఉంచారు. తర్వాత చెప్పులు విప్పి రెండింటి మీదా నిలబడ్డారు.

"పడుకుంటే ఏది చల్లగా తగలదు?"

"చల్లదనం లామినేట్‌కే తక్కువ సార్. కానీ నేలమీద ఎవరు పడుకుంటారు?"

ఆయన వినిపించుకోలేదు. లామినేట్ ముక్కలే సంచిలో వేయించారు.

జనవరి 28, ఆదివారం

రాత్రి ఒక ముక్కని చెంబు నీళ్ళలో ముంచి పెట్టాను. పొద్దున్న చూస్తే అంచులు ఉబ్బి, పైపొర పెదవి విరిచినట్టు లేచింది. కాఫీతో పాటు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. కొలిచారు. కాసేపు ఆలోచించి, "రాత్రంతా చెంబులో పెడితే నేనూ ఉబ్బుతాను" అన్నారు.

అంతే. కేసు కొట్టేశారు.

శుక్రవారాల మాటేమిటి మరి? బట్ట పిండి తుడిస్తే సరిపోతుందా? అమ్మ ఉంటే ఏమనేదో.

ఫిబ్రవరి 1, గురువారం

ఫోన్లో చదివి వినిపిస్తున్నారు. ఈ లామినేట్‌ని 1977లో స్వీడన్‌లో కనిపెట్టారట, పెర్‌స్టార్ప్ అనే కంపెనీ. మొదట్లో జిగురు రాసి అతికేవారు. ఇప్పటిలా ఖటక్‌మని గాడిలో పట్టే రకం 90ల చివర్లో గాని రాలేదు. అరుగుదలకి గ్రేడులున్నాయట. ఏసీ-3 అంటే ఇంట్లోకి చాలు, ఏసీ-4 అయితే ఆఫీసులకీ వాడొచ్చు. నాలుగే తీసుకుంటారట. ఈ ఇంట్లో నడిచేది ఇద్దరం. అందులో ఒకరు గంటకోసారి.

చదువుతున్నంతసేపూ దగ్గు రాలేదు.

రంగు నన్నే తేల్చమన్నారు. ముదురు రంగు మీద ప్రతి అడుగుజాడా, ప్రతి ధూళీ కనిపిస్తుందని పక్కింటావిడ చెప్పింది. లేతదే. ఓక్. చూడని చెట్టే గెలిచింది.

ఫిబ్రవరి 4, ఆదివారం

ఈ మొజాయిక్ పోయించిన రోజుల్లో అత్తయ్యగారు గుమ్మంలో స్టూలేసుకుని కూర్చునేవారు. 1991. ఆకుపచ్చ చిప్స్ ఇంకా వెయ్యమని మేస్త్రితో పేచీ. తర్వాత మిషను పెట్టి అరగదీయడం. ఆ హోరు, తెల్లటి బురదనీళ్ళు మెట్లమీదుగా రోడ్డుదాకా. పాలిష్ అయ్యాక ఫ్యాను రెక్కలు నేలలో కనబడ్డాయి. చుట్టాలొస్తే ముందు నేల చూపించి, ఆ తర్వాతే మంచినీళ్ళు.

ఆవిడ పోయినప్పుడు పడుకోబెట్టిందీ ఈ హాల్లోనే. తీసుకెళ్ళాక ఎన్ని నీళ్ళు పోసి కడిగామో. నీళ్ళు పోస్తూనే ఉన్నాం.

రేపు ఈ నేలమీద...

ఇవాళ్టికి చాలు.

ఫిబ్రవరి 10, శనివారం

పుష్యం వెళ్ళనిమ్మన్నాను. వెళ్ళింది. మాఘం రాగానే పెట్టెలు దిగాయి. హాలు 14 అడుగులకి 18. 252 చదరపు అడుగులు. పెట్టెకి ఇరవై చిల్లర, తరుగుతో కలిపి 14 పెట్టెలు. విప్పకూడదట, గోడకి నిలబెట్టకూడదట. పడుకోబెట్టి 48 గంటలు వదిలెయ్యాలట, ఈ ఇంటి గాలి అలవాటయ్యేదాకా. కొత్తకోడలికి కూడా ఇంత టైమివ్వలేదు మాకు.

వేడికి ఇనుము సాగినట్టు ఇది తేమకి సాగుతుందట. అందుకని గోడలవెంట 10 మిల్లీమీటర్ల సందు వదులుతారు. ఆ సందు లేకపోతే మధ్యలో లేచిపోతుంది. ఇదంతా ఆయన చెప్తుంటే నాకు హుద్‌హుద్ గుర్తొచ్చింది. 2014, అక్టోబరు 12 నాటి తుఫాను. బాల్కనీ తలుపు కిందనుంచి నీళ్ళు, గోనెసంచులు కుక్కినా ఆగలేదు. మళ్ళీ అలాంటిదొస్తే?

"అప్పుడు మొజాయిక్‌కి ఏమైంది? ఏం కాలేదుగా. అది కిందే ఉంటుంది" అన్నారు.

అది జవాబేనా? అయినా బాల్కనీ తలుపు అడుగున రబ్బరుపట్టీ వేయించమన్నాను. సరేనన్నారు.

ఫిబ్రవరి 12, సోమవారం

ఫిట్టర్లు ఇద్దరు, బరంపురం కుర్రాళ్ళు. వాళ్ళలో వాళ్ళు ఒడియా, నాతో తెలుగు. కోత పని డాబామీద పెట్టుకోమన్నాను, పొట్టు ఇంట్లోకి రాకూడదని. ప్రతి ముక్కకీ మూడంతస్తులు ఎక్కి దిగాలి పాపం. "పెద్దాయనకి ఆయాసం కదమ్మా, ఎక్కుతాంలే" అన్నాడు చిన్నవాడు. నేను చెప్పనేలేదు, వాడికెలా తెలిసింది?

పొడుగు అల్యూమినియం పట్టీ నేలమీద పెట్టి కిందకి టార్చి కొట్టారు. వెలుగు దూరినచోటల్లా పల్లం. రెండు మీటర్ల పొడవులో మూడు మిల్లీమీటర్లు దాటితే ఒప్పుకోదట. ఆ బాల్కనీ గుంట దాటేసింది. సిమెంటు కలిపి నింపారు. అత్తయ్యగారి ఆకుపచ్చ చిప్స్ దానికింద.

ఆరనివ్వాలి. రాత్రికి వంటింట్లో పడుకున్నాం. ఆయన కుర్చీ ఫ్రిజ్ పక్కన. అది గుర్రుమన్నప్పుడల్లా ఉలికిపాటు.

ఫిబ్రవరి 14, బుధవారం

పొద్దున్నే మొదలు. ముందు పాలిథీన్ కాగితం, దానిమీద స్పాంజిలాంటి తెల్లటి పట్టా, దానిమీద పలకలు. మేకు లేదు, జిగురు లేదు. వంచి గాడిలో పెట్టి, చెక్కముక్క అడ్డంపెట్టి సుత్తితో రెండు దెబ్బలు. పట్టేస్తుంది. పలకలు బాల్కనీ వెలుగు వచ్చే దిక్కుగానే పరిచారు. అడ్డంగా వేస్తే అతుకులు నీడలు కొడతాయట. ఒక వరస అతుకుకీ పక్క వరస అతుకుకీ అడుగైనా దూరం.

పక్కపక్కనే రెండు పలకల్లో ఒకటే ముడి, అదే వంకర. ఫోటో కదా. చూపిస్తే పెద్దవాడు నాలిక్కరుచుకుని పలక మార్చాడు. అక్కణ్ణుంచి మూడు పెట్టెలు ఒకేసారి విప్పి కలిపి వేశారు. ఇలాంటివి నా కంటే పడతాయి.

నేల ఎత్తు పెరిగి వీధి తలుపు తిరగలేదు. అడుగున కోశారు. అసలు సిసలు టేకు తలుపు. కాగితం టేకు కూడా కాని దానికోసం. ఆ పొట్టు వాసన మాత్రం ఎంత బాగుందో.

ఫిబ్రవరి 15, గురువారం

స్కర్టింగ్ కొట్టారు. అది గోడకే, నేలకి తగలకూడదు. నేల కదలాలి కదా. ఇంత పెద్ద నేల దేనికీ అంటుకోకుండా ఊరికే ఉంటుందంటే అదోలా ఉంది.

గడప ఎత్తు తగ్గినట్టుంది. పసుపు రాస్తుంటే చెయ్యి కొత్తచోట ఆగింది.

చెప్పులు విప్పి గది మధ్యలో నిలబడ్డాను. ఎవరింట్లోనో ఉన్నట్టుంది. ఆయన "ఎలా ఉంది?" అన్నారు. బాగుందన్నాను. ఇంకేమంటాం?

ఫిబ్రవరి 16, శుక్రవారం

రథసప్తమి. బాల్కనీలో పిడకలమీద పాలు పొంగించాను. చిక్కుడాకుల్లో పరమాన్నం. పొగ లోపలికి రాకుండా అద్దం తలుపు వేసేశాను. ఆయన లోపల్నుంచే దండం పెట్టుకున్నారు.

హాలు కడగలేదు. బట్ట గట్టిగా పిండి తుడిచాను, వెనకే పొడిబట్టతో ఇంకోసారి. పనైపోయింది. చేతిలో బకెట్టు లేకపోతే ఏదో మర్చిపోయినట్టుంది. వంటింట్లోకెళ్ళి అక్కడి నేల రెండుసార్లు కడిగాను.

ఫిబ్రవరి 19, సోమవారం

పనమ్మాయి నీళ్ళోడే బట్టతో దిగిపోయింది. అరిచాను. దేనికంత అరిచానో. చెంబులో ముక్క చూపించాను, దాచిపెట్టాను కదా. "అయ్యో, ఇది బిస్కట్టేనా అమ్మా" అంది. ఇప్పుడు నాకంటే జాగ్రత్తగా పిండుతోంది.

ఫిబ్రవరి 21, బుధవారం

రాత్రి బొంత వెయ్యలేదు. చాప, దుప్పటి, అంతే. తెల్లారి లేచి కాఫీ, పూజ, వంట. మధ్యాహ్నం కంచాలు తీస్తుంటే గుర్తొచ్చింది. నడుం ఇవాళ మాట్లాడలేదు.

భోజనాల దగ్గర ఆయన, "చల్లగా ఉంటోందా?"

"ఏది?"

"మజ్జిగ."

మజ్జిగ నేనింకా పొయ్యనేలేదు.

ఫిబ్రవరి 27, మంగళవారం

దీనికొక గుణం ఉంది, షాపులో చెప్పలేదు. మోగుతుంది. మొజాయిక్ మీద మనిషి నడిస్తే తెలిసేదా? దీనిమీద పిల్లి నడిచినా డొల్లగా వినిపిస్తుంది. ఆయన కర్రకి కొత్త రబ్బరు తొడుగు వేయించాం, అయినా డొక్, డొక్. ఆయనకి చిరాకు. లోపల గాలి ఉండిపోయిందా, పట్టా పల్చనిది వేశారా అని ఫిట్టరుకి ఫోన్. ఇలా అతక్కుండా తేలే నేలకి అంతోఇంతో మోత ఉంటుంది సార్, మందం పట్టా వేస్తే కొంచెం తగ్గేది అన్నాడట. ఇప్పుడు చెప్తే ఏం లాభం.

మార్చి 3, ఆదివారం

రాత్రి డొక్, డొక్. మెలకువ వచ్చింది. కుర్చీ ఖాళీ. బాత్రూం గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు, ఊపిరి అందక. వీపు రాస్తూ నిలబడ్డాను. పఫ్ తెచ్చిచ్చాను. తగ్గింది.

ఇదివరకు ఇలా ఎన్నిసార్లు లేచారో. ఎన్నిసార్లు అక్కడ ఒంటరిగా నిలబడ్డారో. అడిగితే "లేదే" అన్నారు.

మార్చి 8, శుక్రవారం

శివరాత్రి. జాగారం అన్నారు. ఇద్దరం ఎలాగూ రోజూ చేసేదే, ఇవాళ పుణ్యం కూడా. టీవీలో కోటప్పకొండ ప్రభలు. పన్నెండింటికి ఆయన నిద్రపోయారు. హాయిగా, నోరు తెరిచి. లేపలేదు.

మార్చి 29, శుక్రవారం

ఉక్క మొదలైంది. బాల్కనీ దగ్గర ఒక పలక అడుగేస్తే టిక్కుమంటోంది. ఆయన వంగలేక నన్ను వంగమన్నారు. స్కర్టింగ్ కింద సందులోకి విజిటింగ్ కార్డు దూర్చి చూడమన్నారు. దూరింది. "అయితే భయం లేదు, సాగడానికి చోటుంది" అన్నారు. కార్డు లోపలే ఉండిపోయింది. ఎవరిదో, ఎల్‌ఐసీ ఏజెంటుదనుకుంటా.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. పచ్చడిలో ఈసారి మామిడికాయ మరీ పులుపు. హాల్లో దేవుడి పీట ముందు చిన్న ముగ్గు పెట్టాను, పొడిముగ్గే. లేత రంగు మీద కనబడీ కనబడకుండా ఉంది. పసుపు కుంకుమ వేశాక తేలింది.

చిన్నాడు వీడియో కాల్‌లో హాలంతా చూపించమన్నాడు. చూపిస్తూ నడిచాను. "అమ్మా, ఏంటా సౌండ్, డబడబమంటోంది? మంచి కార్పెట్ పంపిస్తా, హాలంతా వచ్చేది. శబ్దం ఉండదు. నాన్నకీ చిరాకు తగ్గుతుంది" అన్నాడు. ఆయన వెనకనుంచి పంపరా పంపరా అంటున్నారు.

వద్దన్నాను.

"ఎందుకమ్మా?"

కార్పెట్టంటే దుమ్ము, నాన్నకి పడదు, దులపడం నావల్ల కాదు అన్నాను.