వాసనొస్తోందా అమ్మాయ్?

మా ఊరికి వాసన ఉందని ఊరు దాటేదాకా నాకు తెలియదు. కలిదిండి చుట్టూ ఎటు నడిచినా చేపల చెరువులే. తవుడు, చెక్క, కోళ్ళ ఎరువు, పట్టుబడి రోజున ఐసు పెట్టెల్లోంచి కారే నీళ్ళు, అన్నీ కలిస్తేనే మాకు గాలి. అప్పట్లో మాది కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. చదువుకని ఏలూరు హాస్టల్లో చేరిన మొదటి వారం నేను ట్రంకు పెట్టె తెరవగానే పక్క మంచం అమ్మాయి లేచి కిటికీ తీసింది. ఒక్క మాటా అనలేదు. సెలవులకి ఇంటికొచ్చి బట్టలన్నీ మళ్ళీ ఉతుక్కున్నాను.

ఆ అమ్మాయి నాకు చేసిన పని అప్పటికే నేను మా అమ్మకి చేస్తున్నానని చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు.

అమ్మ స్టాఫ్ నర్సు. డ్యూటీ నుంచి రాగానే పెరటి గుమ్మంలోంచి నేరుగా స్నానానికి పోయేది. అయినా ఫినాయిలు, స్పిరిట్, వాటి అడుగున పేరు తెలియని ఇంకేదో ఆమె జడలో ఉండిపోయేది. ఆమె పక్కన పడుకోనని మారాం చేసేదాన్ని. "నానమ్మ దగ్గర పడుకో లేమ్మా" అనేది. నొచ్చుకుందో లేదో నేను చూడలేదు.

రెండేళ్ళ క్రితం మా చిన్నత్త రొమ్ములో గడ్డ పుండై బయటపడింది. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది. ఏడాదిగా ఆవిడ పెళ్ళిళ్ళకి రావడం తగ్గించింది. వచ్చినా పంక్తిలో కూర్చోకుండా వెనక వసారాలో తిని వెళ్ళిపోయేది. పౌడరు ఎక్కువ రాసుకుంటోందని మేం నవ్వుకున్నాం కూడా. ఎందుకు చెప్పలేదత్తా అని ఏడిస్తే, "డాక్టరు ముందు జాకెట్టు విప్పగలనే, ఆయన ముక్కు మూసుకుంటే ఎట్టా చూసేది?" అంది. నొప్పి కంటే వాసనే ఆవిడ నోరు కట్టేసింది.

రిటైరైన అమ్మ ఆవిడ్ని మా ఇంటికి తెచ్చుకుంది. మొదటి రోజు కట్టు విప్పగానే నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. స్త్రీ శరీరం గురించి సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేటు తీసుకున్నదాన్ని!

ఆ సాయంత్రం అమ్మ నన్ను కూర్చోబెట్టుకుంది. శిక్షణ రోజుల్లో తను ముక్కు కింద అమృతాంజనం రాసుకునేదట. కొన్నాళ్ళకి ఇంట్లో ఎవరు అమృతాంజనం రాసుకున్నా కాలిన గాయాల వార్డే కళ్ళముందుకొస్తోందని మానేసిందట. "ముక్కుకి పది నిమిషాలు చాలు, అదే అలవాటు పడుద్ది. ముఖాన్ని మాత్రం గుమ్మం బయటే సర్దుకుని రావాలి. గబగబా చెయ్యకు. పారిపోవాలనుకుంటున్నావని నీ చేతులే ఆవిడకి చెప్పేస్తాయి" అంది. కిటికీ ముందే తీసి ఉంచాలి, ఆవిడ చూస్తుండగా లేచి తీయకూడదు. మంచం కింద పళ్ళెంలో బొగ్గులు పెట్టాలి. తీసిన కట్టు వెంటనే మూత ఉన్న డబ్బాలో వేసెయ్యాలి.

ఆ వాసన శుభ్రత లేక వచ్చింది కాదు. రక్తం అందక చచ్చిన కండలో, గాలి లేని చోట పెరిగే బాక్టీరియా వల్ల వస్తుంది. డాక్టరు చెప్పినట్టు అమ్మ మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లేది. జబ్బు తగ్గలేదు గానీ నాలుగైదు రోజుల్లో వాసన చాలావరకు తగ్గింది. చిన్నత్త మా మధ్య కూర్చుని అన్నం తింది. అంత చౌక మాత్ర! దాని కోసం ఏడాది వసారాలో కూర్చుంది.

అదే మందు ఆడవాళ్ళ ఇంకో రహస్యానికీ వాడతారు. తెల్లబట్టతో పాటు చేప వాసన రావడం బాక్టీరియల్ వెజైనోసిస్ లక్షణం. చెడిన చేపకి ఆ వాసన తెచ్చే ట్రైమిథైలమీనే అక్కడా ఉంటుంది. స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి ఆ వాసన పసిగట్టడం, 1983లో ఆమ్సెల్ బృందం ప్రకటించిన నాలుగు గుర్తుల్లో ఒకటి. అంటే వైద్యంలో ముక్కు కూడా ఒక పనిముట్టే. కానీ మా వైపు చేపలు ప్యాక్ చేసే ఒకావిడ ఓపీలో ఈ సంగతి చెప్పబోతే, "చేపల పని కదా, స్నానం చేసి రావాలి" అన్నారట బల్ల అవతలి డాక్టరు. ఆవిడ మళ్ళీ రాలేదని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

మత్స్యగంధి కథ నేను పాఠంగా చెబుతుంటాను. పడవ నడిపే పిల్ల ఒంటి చేప వాసనని పరాశరుడు పోగొట్టి యోజనం దూరం పరిమళించేలా చేశాడు. కోరిక కలిగాక గానీ ఆ వాసన సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమెని ఆమె వాసనతోనే దగ్గరికి తీసుకున్నవాళ్ళు ఆ కథలో ఉన్నారు, పెంచిన బెస్తవాళ్ళు. వాళ్ళ గురించి నేనెప్పుడూ క్లాసులో మాట్లాడలేదు.

ఆసుపత్రిలో వాసనకీ మెట్లున్నాయి. డాక్టరుకి ఒక్క నిమిషం, నర్సుకి అరగంట, ఆయమ్మకి రోజంతా. ఆ ఆయమ్మలు ఏ కులాల నుంచి వస్తారో మనకందరికీ తెలుసు. ఇది అన్నప్పుడు అమ్మ కాసేపు ఊరుకుని, "నేనూ ఆ బకెట్టు ఆయమ్మ చేతికే ఇచ్చానే" అంది. ముఖం సర్దుకోవడాన్ని ఏ నర్సుకీ జీతంలో లెక్కగట్టరు, ఆయమ్మకైతే అది పని అని కూడా అనుకోరు. చిన్నత్త లాంటివాళ్ళు రెండోసారి ఆసుపత్రి మెట్లెక్కుతారా లేదా అన్నది మాత్రం ఆ ముఖాల మీదే ఆధారపడి ఉంటుంది.

చివరి రోజుల్లో కట్టు మారుస్తుంటే చిన్నత్త అడిగింది, "వాసనొస్తోందా అమ్మాయ్?" అని. లేదనబోయాను. తన వాసన తనకి అలవాటైపోయింది, ఇప్పుడు మా ముఖాలే ఆవిడకి అద్దం. అద్దం అబద్ధం చెబితే ఆవిడ ఇంకెవర్ని అడుగుతుంది?

"కొంచెం వస్తోందత్తా. కట్టు మార్చుకుంటే తగ్గుద్ది" అన్నాను.

"అయితే మార్చు" అంది తేలిగ్గా. ఆ రాత్రి అక్కడే, ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.