రైలు వేగం సరే... టికెట్టెప్పుడు కొనాలి?

సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి దాదాపు 700 కిలోమీటర్లు. వందేభారత్ ఎక్కినా సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకు 621 కిలోమీటర్లు. 2008 ఫిబ్రవరిలో హైస్పీడ్ లైను పూర్తయ్యాక ఆ దూరం రెండున్నర గంటల ప్రయాణమైపోయింది! మాడ్రిడ్‌లో టిఫిన్ చేసి బయల్దేరినవాళ్లు భోజనం వేళకి బార్సిలోనా సముద్రతీరంలో ఉంటారు.

అంత వేగమంటే చార్జీ కూడా అలాగే ఉంటుందని చాలామంది ముందే వెనక్కి తగ్గుతారు. నిజానికి ఐరోపాలో చాలా హైస్పీడ్ రైళ్లకి ఒక ధర అంటూ ఉండదు. విమానాల్లో మాదిరిగానే సీట్లు నిండేకొద్దీ రేటు పెరుగుతుంది. ఒకే బోగీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో నెలల ముందు కొన్నవారికి అయిన ఖర్చుకి, ముందురోజు కొన్నవారు రెండు మూడు రెట్లు పెట్టి ఉండొచ్చు. కాబట్టి తక్కువ ఖర్చుతో తిరగాలంటే ఏ రైలెక్కాలన్నది రెండో ప్రశ్న. టికెట్టు ఎప్పుడు కొనాలన్నదే మొదటిది.

ఫ్రాన్స్‌లో పారిస్-లియాన్ మధ్య టీజీవీ 1981లో మొదలైనప్పటి నుంచీ చాలా ఏళ్లు ఈ రైళ్లన్నీ ఆయా దేశాల ప్రభుత్వ రైల్వేల చేతుల్లోనే ఉండేవి. 2012లో ఇటలీలో ‘ఇటాలో’ అనే ప్రైవేటు రైలు ప్రభుత్వ రైలుతో పోటీకి దిగింది. ఆ మరుసటేడాది ఫ్రాన్స్ రైల్వే తానే ‘వీగో’ పేరుతో చౌక రైళ్లు తెచ్చింది. 2021 మేలో అదే వీగో స్పెయిన్‌లో అడుగుపెడుతూ మాడ్రిడ్-బార్సిలోనా టికెట్లను 9 యూరోల నుంచి అమ్మింది. 2022 నవంబరులో ‘ఇర్యో’ కూడా అదే మార్గంలోకి వచ్చింది. ఒకే పట్టాల మీద ఇన్ని కంపెనీలు పోటీపడితే లాభం ఎవరికో చెప్పక్కర్లేదు. అందుకే ఒక్క కంపెనీ వెబ్‌సైట్ చూసి కొనేయకూడదు. స్పెయిన్, ఇటలీల్లో గంట అటూఇటూగా బయల్దేరే రెండు వేర్వేరు కంపెనీల రైళ్ల మధ్య తేడా ఒక పూట హోటల్ భోజనమంత ఉంటుంది.

వీసా వచ్చేదెప్పుడు?

మనవాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. అన్నిటికన్నా చౌక టికెట్టు సాధారణంగా రద్దుచేస్తే పైసా తిరిగిరాని టికెట్టు. వీసా చేతికి రాకముందే కొంటే, అది రాకపోయినా ఆలస్యమైనా నలుగురి టికెట్ల డబ్బు గంగపాలు. వచ్చాక కొందామంటే ఈలోగా రేటు పెరిగిపోతుంది. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చన్నది గుర్తుపెట్టుకుంటే ఈ చిక్కు సగం తీరుతుంది. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది. వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు సంక్రాంతి పిండివంటలు అయిపోగానే ఆ పని మొదలుపెడితే, వీసా చూసుకున్నాకే కొన్నా టికెట్టు ఇంకా చౌకగానే దొరికే అవకాశం ఉంది.

అంత తీరిక లేనివాళ్లకి రెండు దారులున్నాయి. ఒకటి, కాస్త ఎక్కువ పెట్టి రద్దుకి వీలున్న టికెట్టు తీసుకోవడం. జర్మనీలో ‘సూపర్ స్పార్‌ప్రైస్’ టికెట్టుకి డబ్బు వాపసు రాదు. దానికన్నా కొంచెం ఖరీదైన ‘స్పార్‌ప్రైస్’ని ప్రయాణ తేదీకి ముందు రద్దుచేస్తే కొంత రుసుము పోను మిగతాది దక్కుతుంది. రెండోది, యూరైల్ పాస్. ఐరోపా బయటివాళ్ల కోసం 1959 నుంచీ ఉన్న ఈ పాస్‌ని వాడటం మొదలుపెట్టకపోతే, ప్రత్యేక ఆఫర్లో కొన్నది కాకపోతే, కొంత కోతతో తిప్పి ఇచ్చేయొచ్చు. పెద్దవాళ్ల పాస్‌తో 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు ఉచితంగా తిరగొచ్చు.

అలాగని పాస్ కొంటే అన్నీ అయిపోయినట్టు కాదు. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ హైస్పీడ్ రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి. వీగో, ఇటాలో లాంటి వాటిలో అసలు పాసే చెల్లదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ల లోపల తిరిగే రైళ్లలో మాత్రం చాలావరకు రిజర్వేషన్ లేకుండానే ఎక్కేయొచ్చు. మ్యూనిక్‌లో చదువుకునే అమ్మాయిని చూడ్డానికి వెళ్లి, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగాలనుకునే తల్లిదండ్రులకి పాస్ బాగుంటుంది. పారిస్, బార్సిలోనా, రోమ్ అంటూ మూడే మూడు ఊళ్లు చూసొచ్చేవాళ్లకి విడి టికెట్లే నయం.

లండన్ విషయం వేరు. సముద్రం కింద నుంచి వెళ్లే యూరోస్టార్ ఎక్కాలని పిల్లలు సరదా పడతారు. కానీ బ్రిటన్ షెంగెన్‌లో లేదు. దానికి వేరే వీసా, వేరే రుసుము. తిరిగి పారిస్ రావాలంటే షెంగెన్ వీసాలో మరోసారి ప్రవేశానికి అనుమతి ఉండాలి. డబ్బు చూసుకునే కుటుంబం ఈ ముచ్చటని ఇంకో ప్రయాణానికి వాయిదా వేసుకోవడమే మంచిది.

పెట్టె మోసేదెవరు?

చవక రైళ్లు ఎక్కడో ఒకచోట వసూలు చేసుకుంటాయి కదా! వీగోలో చేతిసంచీ, చిన్న పెట్టె వరకే ఉచితం. పచ్చళ్ల సీసాలతో నింపిన పెద్ద సూట్‌కేసుకి అదనంగా కట్టాలి. టికెట్టుతోపాటే కట్టేస్తే కొంత తక్కువలో పోతుంది. మన స్టేషన్లలోలా ఎర్రచొక్కా కూలీలు కనిపించరు. రైలు మధ్య స్టేషన్లలో రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. నాలుగు చిన్న పెట్టెలతో దిగడం తేలిక, రెండు పెద్దవాటితో కష్టం. తిండికి మాత్రం ఇబ్బంది లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర రైల్లో విప్పి తింటే ఎవరూ ఏమీ అనరు. స్టేషన్ దగ్గరి సూపర్‌మార్కెట్లో బ్రెడ్డు, పెరుగు, పండ్లు కొనుక్కుంటే హోటల్ ఖర్చు తప్పుతుంది.

స్పెయిన్‌లో రైలెక్కే ముందు సామాను స్కానర్లో పెట్టాలి. బయల్దేరే సమయానికి కాస్త ముందే గేటు మూసేస్తారు. ఫ్రాన్స్‌లో ప్లాట్‌ఫాం నంబరు ఆఖర్లోగానీ చెప్పరు. రెండు రైళ్లు జతకట్టి బయల్దేరి మధ్యలో విడిపోయేవి కూడా ఉంటాయి. బోగీ నంబరు చూసుకోకుండా ఎక్కితే ఊరే మారిపోతుంది! రెండు కంపెనీల రైళ్లు మారాల్సి వస్తే మధ్యలో కనీసం గంటన్నర ఉంచుకోవాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, విడివిడిగా కొన్న టికెట్టుకి పూచీ ఎవరూ పడరు. ఒక్క రైలే ఆలస్యమైతే మాత్రం ఐరోపా నిబంధనల ప్రకారం గంట దాటితే చార్జీలో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం అడగొచ్చు. ఇందులో కొన్ని మినహాయింపులున్నా, అడగనివాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఇంతకీ అన్నిచోట్లా వేగం అవసరమా అంటే, లేదు. జర్మనీలో కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2002లో వేసిన కొత్త లైన్లో గంటకి 300 కిలోమీటర్ల వేగంతో వెళ్లొచ్చు. కానీ దారి పొడవునా సొరంగాలు, పక్కనే హైవే. పాత లైను రైన్ నది ఒడ్డు వెంటే వెళ్తుంది. కోబ్లెంజ్ దాటాక కొండకొమ్మున కోటలు, ద్రాక్షతోటలు, పడవలు, లోరెలై బండ... ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. ఆ ప్యాసింజరు రైళ్లకి ముందుగా సీటు బుక్ చేయక్కర్లేదు. ఆఖరి రోజు కొన్నా రేటు పెరగదు. కొలోన్ నుంచి మైంజ్ వైపు వెళ్లేటప్పుడు ఎడమచేతి కిటికీ పక్కన కూర్చోవాలి. నది అటువైపే.