హుగ్లీ వెంట మెక్సికో దాకా

మెక్సికో వెళ్ళాలనుంది, ఏం చూడాలి అని అడిగే తెలుగువారితో నేను ముందు హుగ్లీ మాటే ఎత్తుతాను. ఆ దేశపు పూలూ, ముళ్ళచెట్లూ, అక్కడ చరిత్రకెక్కిన ఒక బెంగాలీ యువకుడి అడుగుజాడలూ ఈ నది ఒడ్డున వరసగా ఎదురవుతాయి.

కోల్‌కతాకు ఎగువన బండేల్ దగ్గర మొదలుపెట్టాలి. 16వ శతాబ్దం చివర్లో పోర్చుగీసువారు ఇక్కడ రేవు కట్టుకున్నారు. 1632లో షాజహాన్ సేనలు వారిని తరిమేశాయి. మెక్సికో మిరపకాయ మన దేశానికి చేరింది పోర్చుగీసు ఓడల్లోనే. ఏ రేవులో దిగితేనేం, అది రాకపోతే గుంటూరుకు ఆ పేరేది, మనకు ఆవకాయేది!

దక్షిణేశ్వర్, బాగ్‌బజార్ దాటి, దుర్గమ్మ విగ్రహాలు చేసే కుమార్‌తులి పక్కనుంచి సాగితే నిమ్‌తలా ఘాట్ వస్తుంది. 1941లో రవీంద్రుడి అంత్యక్రియలు జరిగింది ఇక్కడే. బెంగాలీలకు పెళ్ళిలోనూ, కడసారి వీడ్కోలులోనూ రజనీగంధ ఉండాల్సిందే. మన పూలకొట్లలో లిల్లీ అని అమ్మేది అదే. దాని పుట్టిల్లు మెక్సికో.

హౌరా వంతెన కిందికి వచ్చాక తొందరపడకండి. వంతెన 1943లో తెరిచారు. దాని మొదట్లోనే మల్లిక్ ఘాట్ పూల సంత. పాంశ్‌కుడా, కోలాఘాట్, రాణాఘాట్ వైపు నుంచి పూలు తెల్లవారకముందే దిగుతాయి. దండల్ని చుట్టలు చుట్టి, తడి గోనెపట్టా పరిచిన గంపల్లో ఎత్తుగా పేరుస్తారు. ఆ గంప నెత్తిన పెట్టుకుని కూలీ జనంలోంచి దూసుకొస్తుంటే పక్కకు తప్పుకోవాలి. పసుపుదొకటి, కాషాయం రంగుదొకటి, రెండూ బంతే. దసరా గుమ్మానికీ, బతుకమ్మకూ, సంక్రాంతి గొబ్బెమ్మలకూ లేనిదే కుదరని ఈ పువ్వు మెక్సికో నేలది. అక్కడ నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవారిని ఇంటికి పిలుచుకుంటారు. దారి తప్పకుండా రావాలని సమాధి నుంచి గడప దాకా బంతిరేకులు చల్లుతారు. ఈ పెద్దల పండుగను యునెస్కో తన జాబితాలో 2008లో చేర్చింది, కోల్‌కతా దుర్గాపూజను 2021లో. రెండు పండుగలకూ పువ్వు ఒక్కటే కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

లాంచీ ఎక్కి బాబూఘాట్, ప్రిన్సెప్ ఘాట్ దాటి, విద్యాసాగర్ సేతు కింద నుంచి సాగితే కుడి ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టాడు. అందరూ పెద్ద మర్రి చూసి వెళ్ళిపోతారు. జెముళ్ళను కూడా చూడాలి. మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బరో 1793లో ఈ తోట అధికారిగా వచ్చాడు. నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు నుంచి ఎర్రరంగు తీసే వ్యాపారం అప్పట్లో స్పెయిన్ గుప్పిట్లో, మెక్సికోలోని వహాకాలో ఉండేది. దాన్ని దెబ్బకొట్టాలని ఈస్టిండియా కంపెనీ ఆశ. రాక్స్‌బరో ఇక్కడ ఉండగానే, 1795లో, నీల్సన్ అనే కెప్టెన్ రియో డి జనీరో నుంచి పురుగుల్ని కలకత్తాకు తెచ్చాడు. తీరా చూస్తే అవి వహాకా మేలుజాతి కావు. రంగు నాసిరకం; పురుగు మాత్రం జెముడును ఊళ్ళకు ఊళ్ళు తినేసింది. మెక్సికో జెండా మీద గద్ద వాలిన చెట్టు ఈ జెముడు జాతిదే.

ఎదురు ఒడ్డు గార్డెన్ రీచ్. 1915 ఫిబ్రవరిలో ఇక్కడ విప్లవకారులు బర్డ్ కంపెనీ సొమ్ము దోచారు. ఆ కేసులో అరెస్టైనవారిలో, మొదట్లో నేను చెప్పిన బెంగాలీ యువకుడు నరేంద్రనాథ్ భట్టాచార్య ఒకడు. బయటికొచ్చి, జర్మన్ ఆయుధాల కోసం సముద్రం దాటి, అమెరికాలో ఎం.ఎన్. రాయ్‌గా పేరు మార్చుకుని, 1917లో మెక్సికో చేరాడు. 1919లో అక్కడి కమ్యూనిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడయ్యాడు. మరుసటి ఏడు మాస్కోలో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ మహాసభకు మెక్సికో ప్రతినిధిగా వెళ్ళాడు! తర్వాతి కాలంలో మన రచయితలు త్రిపురనేని గోపీచంద్, అబ్బూరి రామకృష్ణారావు ఆయన భావాల వెంట నడిచారు కాబట్టి ఈ కథలో మనకూ వాటా ఉంది.

మెక్సికో ప్రయాణం ఎప్పుడని అడిగితే, అక్టోబరు చివర్లో వెళ్ళమంటాను. రాజధానికి దక్షిణాన సోచిమిల్కో కాలువల్లో రంగురంగుల పడవ ఎక్కి, నీటి మధ్య మడుల్లో విరబూసిన బంతి చూడండి. వహాకా దగ్గర టియోటిట్లాన్ దెల్ వాయేలో నేతగాళ్ళు నేటికీ కోచినీల్‌తో ఉన్నికి రంగు వేస్తున్నారు. కాసేపు వారి పక్కన కూర్చోండి. రాజధానిలో కొలోనియా రోమా పేటకు వెళ్ళి, రాయ్ ఉన్న వీధుల్లో నడవండి. మ్యూజియంలకు ఒక రోజు తగ్గించుకున్నా సరే, ఈ మూడూ వదలకండి.