ఎడమ చెవిలో బేస్, కుడి చెవిలో గిటార్!

అబ్బబ్బబ్బ! ఏం మోత, ఏం జోరు, ఏం ఊపు! 1970 ఫిబ్రవరి 14 రాత్రి ఇంగ్లండ్‌లో, లీడ్స్ యూనివర్సిటీ భోజనశాలలో వాయించిన పాటలు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా చెవుల్లో పేలాయి!

రికార్డు పేరు 'లైవ్ ఎట్ లీడ్స్'. బ్యాండ్ పేరు 'ద హూ'. మొన్నమొన్నటి దాకా ఈ రెండు పేర్లూ నేను విననే లేదు. రాక్ అంటే బీటిల్స్ అని మాత్రం తెలుసు, అంతే! అందుకే మీకూ మొదటి నుంచే చెప్తాను.

నలుగురే నలుగురు! పాడేది రోజర్ డాల్ట్రీ. గిటార్ పీట్ టౌన్‌షెండ్, పాటలు చాలావరకు రాసేదీ ఆయనే. డ్రమ్స్ కీత్ మూన్. లావు తీగల మీద మంద్రస్వరాలు పలికించే బేస్ గిటార్ జాన్ ఎంట్‌విసిల్‌ది. ఇంత హోరు నలుగురే పుట్టించారంటే నమ్మబుద్ధి కాదు!

ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఇంకో వింత! బేస్ అంతా ఎడమ చెవిలో, గిటార్ అంతా కుడి చెవిలో, నడిమధ్య డ్రమ్స్, గొంతు. సిరివెళ్ల దాటుతుంటే ఎడమ కిటికీలో నల్లమల కొండలు, ఎడమ చెవిలో ఎంట్‌విసిల్! ఆ బేస్ తాళానికి తోడుగా ఉండి ఊరుకోదు. ఉరుకుతుంది, గర్జిస్తుంది, గిటార్‌తో వాదనకు దిగుతుంది!

'యంగ్ మ్యాన్ బ్లూస్' విన్నారా? వాద్యాలన్నీ ఠక్కున ఆగిపోతాయి. డాల్ట్రీ ఒక్కడే ఒక ముక్క పాడతాడు. ఊపిరి బిగబట్టుకుంటాం. ఢాం! నలుగురూ ఒక్కసారి మీద పడతారు! ఇదంతా ఒకే రాత్రి, జనం ముందు!

ఇక అసలు కథ. ఈ రికార్డు అసలు పుట్టడమే గండం!

1969లో వీళ్లు 'టామీ' అనే రాక్ ఆపెరా తెచ్చారు. అంటే కథ మొత్తాన్ని పాటల్లోనే నడిపించడం. దాంతో అమెరికా అంతా తిరిగి వాయిస్తుంటే, వాళ్ల సౌండ్ మనిషి బాబ్ ప్రిడెన్ కచేరీలను టేపులకెక్కించాడు. అన్ని గంటల టేపులు కూర్చుని వినే ఓపిక ఎవరికుంది? టౌన్‌షెండ్ కాల్చేయమన్నాడట. కాల్చేయమన్నాడు! ఆయనే తర్వాత చెప్పిన సంగతి ఇది. చదివినప్పుడు నా గుండె జారిపోయింది.

సరే, రికార్డు కోసమే రెండు కచేరీలు పెట్టుకున్నారు. 14న లీడ్స్, 15న హల్ సిటీ హాల్. హల్ టేపు వేసి చూస్తే బేస్ వినపడదు! లీడ్స్ టేపులో బేస్ బంగారంలా ఉంది, కానీ మధ్యమధ్య చిటపటలు, టిక్కుటిక్కులు! ఏం చేశారో తెలుసా? ఆ చిటపటలతోనే 1970 మేలో విడుదల చేశారు! ఈ చప్పుళ్లు ఉండాల్సినవే, సరిచేయొద్దు అని రికార్డు లేబుల్ మీదే రాసి పెట్టారు! అట్ట కూడా గోధుమరంగు కాగితపు అట్ట, దాని మీద రబ్బరు స్టాంపు గుద్దినట్టు పేరు. దొంగచాటుగా అమ్మే రికార్డుల వేషం అది! ఎంత ధీమా!

అందులో ఉన్నవి ఆరు పాటలే. లీడ్స్‌లో ఆ రాత్రి 'టామీ' దాదాపు మొత్తం వాయించారు, అదంతా టేపుల్లోనే ఉండిపోయింది.

1995లో కంప్యూటర్లతో చిటపటలు తీసేసి 14 పాటలతో మళ్లీ తెచ్చారు. ఆళ్లగడ్డ శిల్పి విగ్రహం ముక్కు చెక్కుచెదరకుండా పక్కనున్న పెచ్చును ఉలితో లేపేసినట్టు, పాటకు దెబ్బ తగలకుండా టిక్కులు మాత్రం పోయాయి! 2001లో 'టామీ' కూడా చేరింది. వినండి, ఏ తీగ ఎక్కడ కంపించిందో తెలుస్తుంది, మూన్ తాళాల గలగల చెవి పక్కనే!

నన్ను కుర్చీలోంచి లేపేసింది మాత్రం 2010. నలభై ఏళ్లు పక్కన పడి ఉన్న హల్ టేపులు మళ్లీ తీశారు. చూస్తే బేస్ లేనిది మొదటి కొన్ని పాటల్లోనే, మిగతాదంతా పదిలంగా ఉంది! మరి ఆ ఖాళీ? లీడ్స్‌లో ముందురోజు ఎంట్‌విసిల్ వాయించిన బేస్‌నే తెచ్చి హల్ పాటల్లో అతికారు! నిన్నటి వేళ్లు, ఇవాళ్టి పాట! అప్పటికి ఎంట్‌విసిల్ పోయి ఎనిమిదేళ్లు, మూన్ 1978లోనే పోయాడు. అతుకు ఎక్కడుందో పట్టుకుందామని పదేపదే విన్నాను. దొరకలేదు! ఒక్కరోజు తేడాతో ఆ నలుగురూ ఎంత దగ్గరగా వాయించి ఉండాలి!

లీడ్స్ భోజనశాలకు 2006లో ఈ కచేరీ గుర్తుగా నీలి ఫలకం పెట్టారు. ఆ ఏడాదే డాల్ట్రీ, టౌన్‌షెండ్ తిరిగొచ్చి అక్కడే వాయించారు.

మీరూ వినండబ్బా! ముందు 1970 నాటి ఆరు పాటలు, చిటపటలతో సహా. అందులో 'మై జనరేషన్' దాదాపు పావుగంట, మధ్యలో ఆపొద్దు! తర్వాత హల్. ఫోన్ స్పీకర్లో వద్దు, ఇయర్‌ఫోన్లలోనే. ఎడమ, కుడి మారకుండా పెట్టుకోండి!