బైలడిల్లా కొండ మీద మూడు రోజులు

విశాఖపట్నం నుండి ఉదయం బయలుదేరే కిరండూల్ పాసింజరు ఎక్కేవారిలో చాలామంది అరకులోయలో దిగిపోతారు. బొర్రా గుహలు, కాఫీ తోటలు, లోయలోని చల్లదనం వారి గమ్యం. బండి మాత్రం అక్కడితో ఆగదు. ఒడిశాలోని కోరాపుట్, జయపురం దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్, దంతెవాడల మీదుగా బైలడిల్లా కొండల పాదం దాకా సాగిపోతుంది. గత సెప్టెంబరు 14వ తేదీన సంస్థ పనిమీద ఆ చివరి దాకా ప్రయాణించే అవకాశం మాకు కలిగింది.

భారీ యంత్రాల హైడ్రాలిక్ హోసులను పగిలిన తరువాత మార్చడమా, పగలక ముందే మార్చడమా అన్న ప్రశ్న మా విభాగంలో ఎంతోకాలంగా నలుగుతున్నది. పగలక ముందే మార్చే పద్ధతిని కళ్లారా చూసి రావలసిందిగా మమ్మల్ని పంపారు. మాతోపాటు స్టోర్సు విభాగానికి చెందిన ఒక సహోద్యోగి, ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన ఒక యువ ఇంజనీరు కూడా వచ్చారు.

కొత్తవలస నుండి కిరండూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల ఈ మార్గాన్ని 1960వ దశకంలో నిర్మించారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయాలన్నది అప్పటి ఉద్దేశం. శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరేసరికి కొండలు ఎదురవుతాయి. అక్కడి నుండి సొరంగం వెనుక సొరంగం, వంతెన వెనుక వంతెన. వానకాలపు చివరి రోజులు కావడంతో కొండ చరియల మీద జలధారలు తెల్లగా వేలాడుతున్నాయి. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ స్టేషనులో చలిగాలి కిటికీల గుండా లోనికి దూసుకువచ్చింది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నింటిలో ఎత్తయినదిగా చాలాకాలం ఆ చిన్న స్టేషనుకు పేరుండేది.

దారి పొడవునా మాకు ఎదురైనవి ఖనిజం నింపుకొని దిగివస్తున్న గూడ్సు బండ్లు. వాటికి దారి ఇవ్వడానికి మా బండి పలుచోట్ల ఆగింది. ప్రయాణికులు విసుక్కున్నారు గాని, ఈ దారి అసలు వాటి కోసమే వేసినదని తలచుకొని మేము ఓపిక పట్టాము. బచేలీలో దిగేసరికి రాత్రి అయింది. అతిథి గృహం వరండాలో ఎవరో తెలుగులో పలకరించడంతో అలసట సగం తీరింది. బచేలీ, కిరండూల్ పట్టణాలలో తెలుగువారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు.

బైలడిల్లా అంటే ఎద్దు మూపురమని అర్థం. కింది నుండి చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. రెండు సమాంతర శ్రేణులుగా సాగే ఈ కొండలలో పద్నాలుగు ఖనిజ నిక్షేపాలను గుర్తించారు. కిరండూల్ వైపున పద్నాలుగవ నిక్షేపంలో 1968లోను, బచేలీ వైపున ఐదవ నిక్షేపంలో 1977లోను పని మొదలైంది. హైదరాబాదు కేంద్ర కార్యాలయంగా గల ఎన్.ఎం.డి.సి. ఈ గనులను నడుపుతున్నది. కొండ మీద తవ్విన రాయి క్రషరులో నలిగి, కన్వేయరు మీద కిందికి దిగి, రైలు పెట్టెలలోకి చేరుతుంది. మన విశాఖ ఉక్కు కర్మాగారపు కొలిమిలోకి పోయే ఖనిజం కూడా ఈ కొండలదే.

మరునాడు ఉదయం జీపులో ఘాటు రోడ్డు మీదుగా పైకి వెళ్లాము. మబ్బులు రోడ్డు మీదనే తిరుగుతున్నాయి. పైన అంతా ఎరుపే. నేల ఎరుపు, నీటి మడుగులు ఎరుపు, డంపరు చక్రాలు ఎరుపు. పిండి వలె మెత్తగా కనిపించే ఆ ధూళి నిజానికి ఆకురాయి వంటిది. కదిలే ప్రతి భాగాన్నీ అది అరగదీస్తుంది.

ఇక్కడ మా పాఠకుల కుటుంబసభ్యుల కోసం ఒక చిన్న వివరణ అవసరం. ఎక్స్‌కవేటరు చేయి టన్నుల బరువు గల రాయిని ఎత్తుతున్నదంటే, ఆ బలం దాని సిలిండర్లలోకి ఒత్తిడితో పంపే నూనెది. ఆ నూనెను పంపు నుండి సిలిండర్లకు చేర్చేవే హోసులు. చేయి వంగే చోట ఇనుప గొట్టం వంగదు గనుక అక్కడ హోసు తప్పనిసరి. లోపల నూనెకు తట్టుకొనే కృత్రిమ రబ్బరు, దాని చుట్టూ పొరలు పొరలుగా చుట్టిన ఉక్కు తీగ, పైన మరో రబ్బరు తొడుగు, ఇదీ దాని నిర్మాణం. మన ఇంటి కుక్కరు కూత వేసే వేళ లోపల ఉండే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. పెద్ద ఎక్స్‌కవేటరు హోసులో అది 300 కిలోలు దాటుతుంది. అంటే బొటనవేలి గోరంత చోట మూడు క్వింటాళ్ల బరువు నిలిచినట్లు. అటువంటి హోసుకు సూదిమొనంత రంధ్రం పడితే, లెక్క ప్రకారం నూనె సెకనుకు 250 మీటర్లకు పైబడిన వేగంతో బయటికి దూకుతుంది. అంత సన్నని ధార కంటికి ఆనకపోవచ్చు.

మేము చూడవలసిన ఎక్స్‌కవేటరు వర్క్‌షాపు ముందు చదును నేల మీద నిలిచి ఉంది. మరునాడు దాని హోసులు మార్చవలసి ఉన్నందున, ముందుగా వాటి స్థితి పరిశీలిస్తున్నారు. ఇంజను నడుస్తున్నది. పని నడిపించే మేస్త్రి శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి. మేమందరం ఆయన చెప్పిన దూరంలోనే నిలబడి చూస్తున్నాము. బూమ్ మొదట్లో ఒక హోసు తడిగా మెరుస్తున్నట్లు కనిపించింది. మా యువ ఇంజనీరు ఉత్సాహంతో ముందుకు నడిచి, నూనె ఎక్కడి నుండి వస్తున్నదో తెలుసుకోవాలని చేయి చాచాడు.

మేస్త్రి ఒక్క అంగలో వచ్చి అతని మణికట్టు పట్టుకున్నారు.

"చేత్తో కాదు బాబూ! చెయ్యి మనది. అట్టముక్క అయితే పోయినా ఇంకొకటి దొరుకుతుంది."

కుర్రవాడు సిగ్గుపడి వెనక్కి తగ్గాడు. ఇంజను ఆపించి, మేస్త్రి తన పనిలో తాను మునిగిపోయారు. మా మనసు మాత్రం ఆ చేయి దగ్గరే నిలిచిపోయింది.

ఆ రాత్రి అతిథి గృహంలో భోజనాలయ్యాక, ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక సంగతిని ఆ కుర్రవాడికి చెప్పాము. దాదాపు ముప్పై ఏళ్ల కిందట, మరొకచోట ఒక గనిలో మేము షిఫ్టు ఇంజనీరుగా ఉండేవాళ్లం. ఒక సాయంత్రం ఎక్స్‌కవేటరులో ఒత్తిడి తగ్గింది. డంపర్లు వరుసగా నిలిచిపోయాయి. యంత్రం ఆపితే గంట పోతుందన్న ఆతురతతో, ఇంజను నడుస్తుండగానే హోసు వెంట చేయి పోనిచ్చి చూడమని ఫిట్టరుతో అన్నాము. ఆయన చూశారు. "ఏదో సూది గుచ్చినట్లయింది సార్" అన్నారు. వేలి మీద చిన్న చుక్క తప్ప ఏమీ లేదు. రక్తం కూడా సరిగా రాలేదు. ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకొమ్మన్నాము. అదే దయ అనుకున్నాము.

ఇంట్లో ఆయన భార్య పసుపు అద్ది కట్టు కట్టారు. ఆమెకు ఎవరు చెప్పారు గనుక, చర్మం కింద నూనె చేరిందని! తెల్లవారేసరికి చేయి ముంజేతి దాకా ఉబ్బిపోయింది. పట్నం ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. రెండు వేళ్లు తీసివేశారు. కొన్ని గంటల ముందు తెచ్చి ఉంటే లోపలి నూనెను శుభ్రం చేసి వేళ్లు నిలబెట్టడానికి అవకాశం ఉండేదని వైద్యులు అన్నారు. ఆ ఫిట్టరు మిగిలిన వేళ్లతోనే ఉద్యోగ విరమణ దాకా పనిచేశారు. ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోవడమే మాకు ఈనాటికీ బరువు.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ హోసు పైకి బాగానే ఉందా సార్?" అని అడిగాడు. పైకి బాగానే ఉంది. అసలు విషయమంతా అక్కడే ఉంది.

పదహారవ తేదీ ఉదయం పని మొదలైంది. మేస్త్రి తొందరపడలేదు. బకెట్టును పూర్తిగా నేల మీద ఆనించి ఇంజను ఆపించారు. తాళం చెవి తన జేబులో వేసుకొని, ఆపరేటరు గదికి హెచ్చరిక పలక కట్టారు. ఇంజను ఆగినంత మాత్రాన ఒత్తిడి పోదు. అది హోసులలో నిలిచే ఉంటుంది. అందుకే యంత్రం తయారీదారు చెప్పిన క్రమంలో లీవర్లను అన్ని వైపులకూ కదిలించి, ట్యాంకులోని గాలి ఒత్తిడిని కూడా వదిలించారు. ఆపైన నూనె చల్లారే దాకా అందరినీ కూర్చోబెట్టి టీ తెప్పించారు. పనిలో అదీ ఒక భాగమని మాకు ఆనాడు అర్థమైంది.

విప్పిన హోసులను నేల మీద వరుసగా పరిచి మా కుర్రవాడికి చూపించారు. ఒకదానికి బిగింపు ఊడి, పక్క హోసుతో రాసుకొని తీగ బయటపడింది. అది ఎవరికైనా కనబడుతుంది. రెండవది చూపులకు కొత్తదే. మేస్త్రి దాన్ని కాస్త వంచగానే ఫిట్టింగు పక్కన వెంట్రుక వంటి బీటలు తెరుచుకున్నాయి. ఎండకూ, నూనె వేడికీ రబ్బరు లోలోపలే గట్టిపడుతుంది. మూడవదాని మీద పొడవునా ఉండవలసిన అచ్చుగీత మెలి తిరిగి ఉంది. బిగించేటప్పుడు హోసు మెలిపడిందన్నమాట. మెలిపడిన హోసు ఎక్కువకాలం బతకదు.

కొత్త హోసుల రెండు చివరలకూ మూతలున్నాయి. బిగించే క్షణం దాకా వాటిని తీయనివ్వలేదు. ఆ ఎర్రధూళి చిటికెడు లోపలికి పోయినా పంపు పాడవుతుంది. ప్రతి ఫ్లాంజికీ కొత్త ఓ-రింగు వేశారు. నాలుగు బోల్టులనూ ఒకదాని తరువాత ఎదుటిదాన్ని కొద్దికొద్దిగా బిగించారు. నట్టు ఉన్నచోట రెండు స్పానర్లు వాడారు, ఒకటి తిప్పడానికి, రెండవది హోసు తిరగకుండా పట్టడానికి. ఒత్తిడి ఎక్కినప్పుడు హోసు పొట్టిపడవచ్చు గనుక కొంత వదులు ఉంచారు. కారిన నూనె బొట్టు కూడా నేల మీద పడకుండా పీపాలో పట్టారు. "కొండ మీద ఒలికితే వానకు కిందికే కదా పోయేది" అన్నారు, లోయ వైపు చూపుతూ.

సాయంత్రానికి ఎనిమిది హోసులూ మారాయి. నూనె మట్టం సరిచూసి, ఇంజనును నెమ్మదిగా నడిపించి, సిలిండర్లలోని గాలిని వెళ్లగొట్టారు. ఒత్తిడి పెంచాక, కళ్లద్దాలు, చేతితొడుగులు ధరించి పొడవాటి కర్రకు కట్టిన అట్టను ప్రతి జాయింటు దగ్గరా మెల్లగా తిప్పారు. అట్ట పొడిగానే ఉంది. ఈసారి ఆ కర్ర పట్టుకున్నది మా యువ ఇంజనీరు.

పదిహేడవ తేదీ విశ్వకర్మ పూజ. కడిగిన యంత్రాలకు బంతిపూల దండలు వేసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయలు కొట్టారు. మేస్త్రి మాకు ప్రసాదం పెట్టి, "నిన్న చేసిందే అసలు పూజ సార్, ఇది దాని హారతి" అన్నారు. తిరుగు ప్రయాణంలో దంతెవాడలో దిగి, శంఖినీ డంకినీ నదుల సంగమం వద్ద దంతేశ్వరీ దేవిని దర్శించుకున్నాము. కొండ మీద ఒలికినది ఏదైనా చివరికి చేరేది ఇటువంటి నీళ్లలోకే గదా అని ఆ ఒడ్డున నిలబడి అనుకున్నాము.

మా నివేదికలో మూడు సూచనలు చేశాము. ప్రతి హోసుకూ అమర్చిన తేదీతో ఒక రిజిస్టరు పెట్టాలి. గడువు తీరినదాన్ని పైకి బాగున్నా మార్చాలి. ప్రతి పనిముట్ల పెట్టెలోను ఒక అట్టముక్క ఉండాలి.

నివేదికలో చోటు లేని నాలుగవ మాటను ఈ పత్రిక ద్వారా మీ ఇళ్లకు పంపుతున్నాము. మీ ఇంటివారు యంత్రం దగ్గర నుండి వచ్చి, వేలి మీద చిన్న చుక్క చూపి "ఏదో గుచ్చుకుంది, నొప్పేమీ లేదు" అంటే, పసుపు అద్ది ఊరుకోకండి. ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఒత్తిడితో నూనె లోపలికి పోయి ఉండవచ్చునని వైద్యుడికి స్పష్టంగా చెప్పండి. తెల్లవారే దాకా ఆగకండి. ఈ మాట ముప్పై ఏళ్ల కిందట ఒక ఇల్లాలికి మేము చెప్పి ఉండవలసింది.