గంటల బిల్లు

ఆగస్టు 23, 2025, శనివారం

షట్టర్ ఎత్తకముందే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే వార్త. గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీల్లో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకి నెలకి 30,000 ఇస్తున్నారట. పక్క గదిలో అదే పాఠం చెప్పే అడహాక్ వాళ్ళకి లక్ష దాటి వస్తోందట. నిన్న సుప్రీంకోర్టులో జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీ ఇద్దరూ కలిసి, వీళ్ళకీ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్కేలు కనీసం ఇచ్చి తీరాలని తేల్చారు. సభల్లో గురువే దేవుడని శ్లోకం చదివితే సరిపోదు, ఆ గౌరవం జీతంలో కనపడాలి అన్న అర్థంలో మందలించారు కూడా.

మధ్యాహ్నానికి ఆ కటింగు ఎన్ని కాపీలు తీశానో లెక్క తప్పింది. ఒకాయన అడిగాడు: "బాబాయ్ గారూ, ఇది మనకీ వర్తిస్తుందంటారా?"

జెరాక్సు తీసేవాణ్ణి, నాకేం తెలుసు? "రెండు వైపులా తీయనా, ఒక వైపేనా?" అన్నాను. ఆయన వెళ్ళిపోయాక, అలా అనకుండా ఉండాల్సింది అనిపించింది.

ఆగస్టు 27, బుధవారం

చవితి. షాపు మూత. మద్దిలపాలెం జంక్షన్‌లో పత్రి కొంటుంటే ఫోను. "అప్లికేషనుకి రేపే ఆఖరి తేదీ, ఒక్క అరగంట తెరవండి." తెరిచాను. ఉండ్రాళ్ళు ఇంట్లో, నేను షాపులో. పిహెచ్‌డీ, నెట్, పదకొండేళ్ళ సర్వీసు సర్టిఫికెట్లు. పదకొండేళ్ళకి పదకొండు కాగితాలు, ఏ కాగితమూ పది నెలలు దాటలేదు. ప్రతి వేసవికీ ఉద్యోగం పోయి, ప్రతి వానాకాలానికీ మళ్ళీ పుట్టింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

రిటైరైన మేష్టారు వచ్చారు. సాయంత్రం టీకి రావడం ఆయన అలవాటు. 1984లో ఆయన థీసిస్ రెమింగ్టన్ మీద కొట్టింది నేనే, నాలుగు కార్బన్లు పెట్టి. ఒక అక్షరం తప్పితే నాలుగు కాగితాల మీదా బ్లేడుతో గీకాలి.

ఈ రోజు ఎవరి పుట్టినరోజో, ఆయన మన ఊళ్ళోనే ఉద్యోగం చేశాడని ఇక్కడి పిల్లలకి ఎవరూ చెప్పరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన తెల్లదొరల నిర్బంధానికి నిరసనగా రాజీనామా చేసి వెళ్ళిపోతే, 1931 నుంచి 1936 దాకా ఆ కుర్చీలో రాధాకృష్ణన్ గారు. ఆ రోజుల్లో ఈ కొండ మీద పాఠాలు చెప్పినవాళ్ళు: భౌతికశాస్త్రంలో భగవంతం గారు, రసాయనశాస్త్రంలో శేషాద్రి గారు, బెంగాల్ నుంచి హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ. అంతా పాతిక, ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళు. సైన్సు కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు.

"మహారాజు డబ్బు భవనాలకే అనుకుంటారయ్యా అందరూ," అన్నారు మేష్టారు. "ఏటా ఇచ్చాడంటే ఏవిటి? ఒక్కసారి ఇచ్చే డబ్బుతో గోడ కట్టొచ్చు. ఏటా వచ్చే డబ్బుంటేనే మనిషిని పెట్టుకోగలం."

ఈ మాట ఆయన ముందే ఈ పుస్తకంలో రాసుకున్నాను.

ఎదురు సందులో గురుపూజోత్సవం. శాలువా కప్పించుకున్నవాళ్ళలో ఇద్దరు నా ఖాతాదార్లే, గంటల లెక్కన పనిచేసేవాళ్ళు.

సెప్టెంబరు 18, గురువారం

ఈ పూట బేరం లేదు. వాన. కూచుని లెక్క వేశాను.

యూజీసీ 2018 నిబంధనల పుస్తకం ఎన్నిసార్లు ప్రింటు తీశానో, సగం కంఠతా వచ్చేసింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలు. అసోసియేట్‌కి 1,31,400. ప్రొఫెసర్‌కి 1,44,200. డీఏ, ఇంటద్దె దాని మీద. పని వారానికి 40 గంటలు, ఏడాదికి 30 వారాలు. అందులో క్లాసు చెప్పాల్సింది అసిస్టెంటుకి 16 గంటలు, పై ఇద్దరికీ 14. మిగతా గంటలు చదువుకోడానికి, రాసుకోడానికి, దిద్దడానికి, పిల్లలతో మాట్లాడ్డానికి. అంటే, క్లాసు బయట చేసేది కూడా పనేనని ఆ పుస్తకం ఒప్పుకుంది. అక్కడికి బాగానే ఉంది.

ఇక గెస్టులు. 2019 జనవరిలో యూజీసీ పెంచిన రేటు: క్లాసుకి 1,500. కాకపోతే నెలకి 50,000 దాటకూడదు. అర్హత మాత్రం పర్మినెంటు వాళ్ళకి ఉన్నదే ఉండాలి, వీసమెత్తు తగ్గకూడదు.

వారానికి 16 చొప్పున నెలకి 64 క్లాసులు. 33 క్లాసులకి 49,500. ముప్పై నాలుగో క్లాసుకి 500. ముప్పై అయిదు నుంచి అరవై నాలుగు దాకా, ముప్పై క్లాసులు, ధర్మానికి. క్యాలిక్యులేటర్ మీద రెండుసార్లు చూసుకున్నాను. తప్పు లేదు.

ఇది కాగితం మీద ఉన్న రేటు. అది అందరి చేతికీ వస్తుందని కాదు. ప్రతి నెలా మొదటి తారీఖుకి నా దగ్గర బిల్లు టైపు చేయించుకునే అమ్మాయి ఉంది. ఏ కాలేజీయో రాయను, ఎంత రేటో కూడా రాయను. 1,500 అయితే కాదు. తేదీ, పీరియడు, చెప్పిన పాఠం, విద్యార్థుల సంఖ్య, హెడ్ సంతకం: అయిదు గళ్ళు. ఆరో గడి ఒకటి గీసి అందులో దిద్దిన పేపర్లు రాయమంటే ఏం చేస్తారో చూడాలని నాకో దురద.

ఆ 2018 నిబంధనల పుస్తకంలోనే ఇంకో రెండు ముక్కలున్నాయి. మొత్తం అధ్యాపకుల్లో కాంట్రాక్టు వాళ్ళు పది శాతం మించకూడదని. వాళ్ళకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదని. ఈ జనవరిలో వచ్చిన కొత్త ముసాయిదాలో ఆ పది శాతం గీత కనపడలేదు. గీత దాటడం తప్పని ఎవరైనా అంటే, గీత చెరిపేస్తే సరి.

సెప్టెంబరు 20, శనివారం

థీసిస్ ఒకటి, అయిదు కాపీలు, నల్ల రెగ్జిన్ అట్ట, బంగారు అక్షరాలు. పేజీలు సర్దుతుంటే కృతజ్ఞతల్లో ఆ బిల్లు అమ్మాయి పేరు కనపడింది. పద్నాలుగో లైను. దేవుడి తరవాత, తల్లిదండ్రుల తరవాత, లైబ్రరీ వారికి కాస్త ముందు. అధ్యాయాలన్నీ దిద్దింది ఆమే. ఎర్ర పెన్ను గుర్తులున్న చిత్తుప్రతులు నా షాపులోనే చేతులు మారాయి కాబట్టి తెలుసు. గైడు సర్టిఫికెట్ మీద మాత్రం పర్మినెంటు వాళ్ళే సంతకం పెట్టాలి. 2022 పిహెచ్‌డీ నిబంధనలు అలా ఉన్నాయి.

సెప్టెంబరు 24, బుధవారం

పర్మినెంటు వాళ్ళందరూ పట్టుపరుపుల మీద ఉన్నారని రాస్తే నా కళ్ళే పోతాయి. ఇవాళ ఒకాయన ప్రమోషన్ ఫైలు తెచ్చాడు. మూడు స్పైరల్ సంపుటాలు. కాస్ అంటారు దాన్ని. పిహెచ్‌డీ ఉన్నవాడికి మొదటి మెట్టుకి నాలుగేళ్ళు, తరవాత అయిదు, తరవాత మూడు. అంతా సజావుగా సాగితే పన్నెండేళ్ళకి అసోసియేట్. ప్రతి మెట్టుకీ ఓ ఫైలు, ఓ కమిటీ. ఆయన శాఖలో ఉండాల్సినవాళ్ళు ఎనిమిదిమంది, ఉన్నది ముగ్గురు. అందుకని ఆయనే హెడ్డు, ఆయనే పరీక్షలు, ఆయనే నాక్ కాగితాలు, ఆయనే ఎన్ఎస్ఎస్.

"రీసెర్చి ఎప్పుడు చేస్తారు సార్?"

"ఆదివారం. మా ఆవిడ ఊరికెళ్తే."

2004 సెప్టెంబరు 1 తరవాత చేరినవాడు, అంచేత సీపీఎస్. పాత పింఛను లేదు. ఈ ముక్క కూడా ఆయనే చెప్పాడు, నేను అడక్కుండానే. ఆ బ్యాచ్ వాళ్ళెవరైనా పది నిమిషాలు మాట్లాడితే చాలు, సంగతి అక్కడికే వచ్చీస్తాది.

అక్టోబరు 3, శుక్రవారం

నిన్న దసరా. మెషిన్లకి బొట్టు పెట్టి గుమ్మడికాయ కొట్టాం. సెలవుల్లో గెస్టులకి గంటల్లేవు, గంటల్లేకపోతే బిల్లు లేదు. పండగ నెలలో అందరికీ ఖర్చు పెరుగుతుంది, వీళ్ళకి రాబడి తగ్గుతుంది.

అక్టోబరు 12, ఆదివారం

అమెరికా నుంచి మేనల్లుడు ఫోను. అక్కడో ప్రభుత్వ యూనివర్సిటీలో అయిదో ఏడు. "వచ్చే ఏడాది టెన్యూర్‌కి వెళ్తున్నాను మావయ్యా," అన్నాడు. అదేమిటో ఎన్నోసార్లు చెప్పాడు గానీ ఇవాళే బుర్రకెక్కింది. ఆరేళ్ళు చూస్తారు. పేపర్లు, గ్రాంట్లు, బయటి యూనివర్సిటీల నుంచి ఉత్తరాలు. అవునంటే ఇక అంత తేలిగ్గా కదపలేరు, ఏం రాసినా ఏం మాట్లాడినా. కాదంటే ఇంకో ఏడు గడువిచ్చి పొమ్మంటారు. అక్కడి అధ్యాపకుల సంఘమూ కాలేజీల సంఘమూ 1940లో రాసుకున్న ఒప్పందంలోనే పరీక్షాకాలం ఏడేళ్ళు మించకూడదని ఉందట.

"అందరికీ ఆ అవకాశం ఉంటుందా?"

"అదెక్కడ మావయ్యా! కోర్సుకింతని తీసుకుని చెప్పేవాళ్ళు బోలెడుమంది. అడ్జంక్టులంటారు. కొందరు ఒకే రోజు రెండు కాలేజీలకి కారు తోలుకుంటూ తిరుగుతారు."

అంటే అక్కడా ఉన్నారన్నమాట, కార్ల మీద. ఇక్కడ డిపో ముందు ఎండలో బస్సు కోసం నిలబడతారు.

సాయంత్రం మేష్టారితో ఈ కబురు చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "మనకి ఆ గొడవే లేదయ్యా. ఇక్కడ ప్రొబేషను ఒక్క ఏడాది, మహా అయితే రెండు. లోపలికి వెళ్ళినవాణ్ణి ఎవడూ పొమ్మనడు. తలుపు తీస్తేగా!" అన్నారు.

2023 చివర్లో తీసినట్టే తీశారు. రాష్ట్రంలో 18 యూనివర్సిటీల్లో 3,220 పోస్టులకి నోటిఫికేషన్లు. ఆ నెలలో నా రెండు ప్రింటర్లూ వేడెక్కి ఆగిపోయాయి. అప్లికేషన్ల మీద అప్లికేషన్లు, ఒక్కొక్కరు నాలుగైదు యూనివర్సిటీలకి. తరవాత వ్యవహారం కోర్టుకెళ్ళింది, అక్కడే ఆగింది. నాకు మాత్రం లాభం వచ్చింది. కొత్త బైండింగ్ మెషిన్ ఆ డబ్బుతోనే కొన్నాను. ఇది ఎవరితోనూ అనలేదు.

అక్టోబరు 14, మంగళవారం

ఊరంతా గూగుల్ కబుర్లే. విశాఖలో 15 బిలియన్ డాలర్లు పెడతారట. కంప్యూటర్ సైన్సు చెప్పే కుర్రాడు ఒకడు వచ్చి, "అంకుల్, రెజ్యూమేలో టీచింగు ఎక్స్‌పీరియన్స్ కిందికి దించండి, పైన ప్రాజెక్టులు పెట్టండి" అన్నాడు. ఏడేళ్ళ పాఠాలు రెండో పేజీకి దిగాయి.

అక్టోబరు 28, మంగళవారం

మొంథా తుపాను. నిన్నట్నుంచీ ఒకటే హోరు. విద్యాసంస్థలకి సెలవులు. రాత్రికి కాకినాడ వైపు తీరం దాటుతుందంటున్నారు. కరెంటు పోయింది. మొన్న కుట్టిన పుస్తకాలకి జిగురు ఆరలేదు, అట్టలు ఉబ్బుతున్నాయి. బరువుకి పాత టైపురైటర్ ఎక్కించాను. దానికింకా ఇలాంటి పని ఉంది.

బిల్లు అమ్మాయి ఫోను చేసింది. "బాబాయ్ గారూ, ఈ నెల బిల్లులో 27, 28, 29 ఖాళీ వదిలీయండి."

"తుపాను సెలవు కూడా తీసేస్తారేటమ్మా?"

"సెలవు ఇచ్చింది పిల్లలకీ, పర్మినెంటు వాళ్ళకీనండీ. మాకు క్లాసు జరగలేదంతే."

నవంబరు 1, శనివారం

ఎండ కాసింది. రోడ్డు మీద విరిగిన కొమ్మలు అలాగే ఉన్నాయి. అమ్మాయి పదింటికి వచ్చింది, కుర్తా భుజం మీద సుద్దపొడితో. దసరా సెలవులు పోను, తుపాను రోజులు పోను, 29 క్లాసులు తేలాయి. పేరు కింద "గెస్ట్ ఫ్యాకల్టీ" అని కొట్టాను. స్క్రీను మీద చూసి, కాసేపు ఆలోచించి, డాక్టర్ అన్న మాట పేరు ముందు చేర్చమంది. చేర్చాను.

మూడు కాపీలు తీశాను. ఒకటి ఆఫీసుకి, ఒకటి హెడ్‌కి, ఒకటి తనకి. వాటితో పాటు ఆగస్టు బిల్లు కూడా ఇంకోసారి ప్రింటు తీయించుకుంది. అది ఇంకా పాసవలేదు.