ట్రాక్టరు ఇంజిన్‌కి తోడబుట్టిన కారు



ఈసారి మిర్చి రేటు గురించో, నల్ల తామర పురుగు గురించో కాదండీ. ఇంగ్లండులో మా పెద్దోడు కొన్న ఒక పాత స్పోర్ట్స్ కారు గురించి రాస్తున్నా. "ఈయనకేమైంది, పొలం వదిలేసి కార్ల మీద పడ్డాడు" అనుకోకండి. తిరిగి తిరిగి మన రేకుల షెడ్డులో ఉన్న ట్రాక్టరు దగ్గరికే వస్తాను. పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి.

మావాడు కోవెంట్రీ దగ్గర ఉద్యోగం చేస్తాడు. పోయిన వేసవిలో మిర్చి కోతలు, అమ్మకాలు అయ్యాక నేనూ మా ఇంటావిడా మూడు నెలలు వాడి దగ్గర ఉండొచ్చాం. వెళ్లిన వారానికే చెప్పాడు, "నాన్నా, ట్రయంఫ్ టీఆర్-4 అని 1960ల నాటి కారు ఒకటి కొందామనుకుంటున్నా, నువ్వు కూడా చూద్దువు గాని రా" అని. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నేలకి జానెడు ఎత్తు. మా ఇంటావిడ ఫోటో చూసి ఒకటే మాట అంది: "వాన పడితే కారే బండి వానల దేశంలో ఎందుకురా?"

నాకు మాత్రం ఇంజిన్ సంగతి విన్నాక ఆసక్తి పుట్టింది. మీకూ పుడుతుంది, వినండి.

హ్యారీ ఫెర్గూసన్ పేరు మనం మాస్సీ ఫెర్గూసన్ బానెట్టు మీద చదివిందే. ఐర్లండులో రైతు కొడుకాయన. నాగలిని ట్రాక్టరు వెనక మూడు చోట్ల తగిలించి హైడ్రాలిక్‌తో ఎత్తి దించే పద్ధతిని నిలబెట్టింది ఆయనే. ఈ రోజు మన ఊళ్లో ఏ కంపెనీ ట్రాక్టరు చూసినా వెనక ఉండేది ఆ పద్ధతే. 1946లో కోవెంట్రీలోని బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ వాళ్లు ఆయన కోసం టీఈ-20 అనే బూడిద రంగు చిన్న ట్రాక్టరు చేయడం మొదలుపెట్టారు. 1956 దాకా 5 లక్షలకు పైగా చేశారు. మొదట్లో అమెరికా నుంచి తెచ్చిన ఇంజిన్ పెట్టినా, తర్వాత స్టాండర్డ్ వాళ్ల సొంత 4 సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ పెట్టారు. వాళ్ల వాన్‌గార్డ్ కారుకీ అదే కుటుంబం ఇంజిన్. ట్రయంఫ్ కంపెనీ కూడా అప్పటికి వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి 1953లో టీఆర్-2 స్పోర్ట్స్ కారు చేసినప్పుడు దానికీ అదే కుటుంబం ఇంజినే పెట్టారు. టీఆర్-3, టీఆర్-4 దాకా అదే నడిచింది.

ట్రాక్టరులో, కారులో స్ట్రోకు ఒకటే, 92 మిల్లీమీటర్లు. బోరు మాత్రం మారుతూ వచ్చింది. ట్రాక్టరులో మొదట 80, తర్వాత 85. టీఆర్-2లో 83, టీఆర్-4లో 86. ఇంత దగ్గరి చుట్టమే అయినా ట్రాక్టరులో 25కి అటూ ఇటూ హార్స్ పవర్ ఇస్తే, టీఆర్-2లో 90, టీఆర్-4లో 100 ఇచ్చింది. మాయేమీ లేదు. ట్రాక్టరుకి తక్కువ చుట్ల మీద రోజంతా లాగే బలం కావాలి, 2,000 చుట్ల దగ్గర గవర్నరు పట్టి ఉంచుతుంది. కారులో కంప్రెషన్ పెంచి, రెండు కార్బురేటర్లు పెట్టి, 4,500 దాటి తిప్పారు. ఒకే ఇంట్లో పుట్టి ఒకడు అరక పట్టినట్టు, ఇంకొకడు పరుగు పందేలకి పోయినట్టు.

మనకీ ఈ చుట్టరికం ఉంది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వాన్‌గార్డ్, ఆ తర్వాత స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు చేసింది. మన టౌన్లలో పాతకాలం డాక్టర్లు, లాయర్లు హెరాల్డ్ నడపడం పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1985లో అదే మద్రాసు కంపెనీ తెచ్చిన స్టాండర్డ్ 2000లో ఉన్నదీ ఆ పాత వాన్‌గార్డ్ ఇంజిన్ వంశమే.

సరే, కొనే సంగతికి వద్దాం. రెండు బళ్లు చూశాం.

మొదటిది ఎర్రది. అద్దంలా మెరుస్తోంది. 17,000 పౌండ్లు చెప్పాడు. మావాడి మొహం వెలిగిపోయింది. నేను ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టా, వెచ్చగా ఉంది. అంటే మేం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టాడు. చల్లటి ఇంజిన్‌ని మన కళ్ల ముందు స్టార్ట్ చేస్తేనే పొగ రంగు, శబ్దం, ఆయిల్ సంగతి తెలుస్తాయి. సంతలో గేదెని ఒక పూట పాలు పితక్కుండా ఆపి, పొదుగు నిండుగా చూపించి అమ్మేవాళ్లు మనకి తెలియదా? అదే ఇది.

మావాడు జేబులో అయస్కాంతం తెచ్చాడు. దానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది పట్టీ వెంట జరుపుతూ పోతే రెండు మూడు చోట్ల జారిపోయింది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ పూసి రంగేశారు. ఆ దేశంలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు అడుగునంతా తినేస్తాయి. తలుపు తీసి వదిలితే కొంచెం కిందికి జారింది, పైన సందు ఎక్కువ, కింద తక్కువ. ఇంజిన్ ఎంత పాడైనా బాగు చేయొచ్చు. టీఆర్ ఇంజిన్‌లో లైనర్లు విడిగా ఊడొస్తాయి, వాటి చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి, లైనరు పిస్టన్ సెట్టు మారిస్తే కొత్త బోరే. కానీ చాసిస్ కుళ్లితే బండి మొత్తం విప్పాలి. గేదెకి కొమ్ములు చూసి కొనం కదా, మావాడితో అదే అన్నా. మారు మాట్లాడకుండా వచ్చేశాడు.

రెండోది 1964 బండి. లేత నీలం రంగు వెలిసిపోయి, సీట్లు చిరిగి ఉంది. ఈ కార్లలో ఎక్కువ భాగం అప్పట్లో అమెరికాకే ఎగుమతి అయ్యాయి. ఇదీ అక్కడ పొడి వాతావరణంలో పాతికేళ్లు ఉండి, తిరిగి వచ్చి, స్టీరింగు ఎడమ నుంచి కుడికి మార్పించుకున్న బండి. రంగు పోయింది గాని ఇనుము గట్టిది. అమ్మేది ఒక పెద్దాయన, మోకాళ్ల నొప్పులతో అంత కిందికి కూర్చుని లేవలేక అమ్ముతున్నాడు. ఆయన టేబుల్ మీద పెట్టిన ఫైలు చూసి నేను ఆగిపోయా. 1989 నుంచి కొన్న ప్రతి పార్టు బిల్లు, ఆయిల్ మార్చిన ప్రతి తేదీ, ఎన్ని మైళ్ల దగ్గర ఏం చేశాడో చేతిరాతతో. చల్లటి ఇంజిన్‌ని మా ముందే స్టార్ట్ చేశాడు. ఒక బూడిదరంగు పొగ మేఘం వచ్చి పోయింది. వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెజరు ముల్లు నిలబడే ఉంది.

14,500 చెప్పి 13,800కి ఇచ్చాడు. మన డబ్బుల్లో 16 లక్షల దాకా. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఊళ్లో అర ఎకరం కొనొచ్చు, లేకపోతే కొత్త ట్రాక్టరు, ట్రక్కూ రెండూ వస్తాయి" అని మా ఇంటావిడ. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. కోడలు మధ్యలో నలిగిపోయింది. చివరికి మావాడు అన్నాడు: "నాన్నా, నువ్వు ట్రాక్టరు కింద పడుకుని పానా అడిగితే అందించింది నేనే కదా. ఇక్కడ రోజంతా కంప్యూటరు ముందే. సాయంత్రానికి నేను చేసిన పని ఇదీ అని చేత్తో ముట్టుకునేది ఒక్కటీ ఉండదు."

నేను రెండే అడిగా. అప్పు చేస్తున్నావా? లేదన్నాడు. రిపేరు ఎవరు చేస్తారు? నేనే అన్నాడు. "అయితే కొనుక్కో" అన్నా. మా ఇంటావిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇక పెంచుకోవడం సంగతి. అక్కడ 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయని బండికి ఏటా చేయించే టెస్టు కూడా తప్పనిసరి కాదు. అయినా బండి రోడ్డు మీద తిరగడానికి యోగ్యంగా ఉంచే బాధ్యత ఓనరుదే. మావాడు టెస్టు చేయిస్తానన్నాడు, మంచిదే. పెట్రోలు దగ్గర జాగ్రత్త. 2021 నుంచి అక్కడ మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. మన చెరుకు, మొక్కజొన్న నుంచి తీసే సరుకే. అది పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది. అందుకని తక్కువ ఇథనాల్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోయించి, పైపులు కొత్తరకంవి మార్చాడు. ఇంకో తేడా, ఈ బండికి బ్యాటరీ ప్లస్సు బాడీకి కలుపుతారు. మన అలవాటు చొప్పున మైనస్సు కలిపితే చిక్కే.

మూడో ఆదివారం మేమిద్దరం వార్విక్ వైపు పోతుంటే బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. మావాడు ఫోను తీయబోయాడు. ఆగరా అన్నా. బానెట్టు ఎత్తితే పెట్రోలు పంపుకి కింద గాజు గిన్నె ఉంది, అందులో తుప్పు పొడి బయటికే కనపడుతోంది. వాడే గిన్నె ఊడదీసి, జాలీ తుడిచి, మళ్లీ బిగించి, పంపు పక్కనున్న చిన్న లీవరు చేత్తో కొట్టాడు. మన ట్రాక్టర్లో డీజిలు గాలి పట్టినప్పుడు కొడతామే, అచ్చం అలాగే. గిన్నె నిండింది, బండి అందుకుంది. ఇరవై నిమిషాల పని. ఆ నూనె చేతులతో వాడు నవ్విన నవ్వు నేను చాలా ఏళ్ల తర్వాత చూశా.

ఈలోపు ఒకాయన కారు ఆపి దగ్గరికొచ్చాడు. ఆయన దగ్గరా టీఆర్ ఉందట. టీఆర్ రిజిస్టర్ అని ఈ కార్ల ఓనర్ల సంఘం ఉంది, రమ్మన్నాడు. నేను ఈ పోస్టు రాయడానికి కారణం ఇక్కడుంది.

ట్రయంఫ్ అనే పేరుతో కారు వచ్చి 40 ఏళ్లు దాటింది, 1984తో ఆగిపోయింది. బ్యానర్ లేన్‌లో ట్రాక్టర్ల తయారీ కూడా 2002తో ఆగింది. మావాడు తీసుకెళ్లి చూపిస్తే అక్కడ ఇళ్లు ఉన్నాయి. కంపెనీ లేదు, ఫ్యాక్టరీ లేదు. కానీ టీఆర్-4కి ఏ పార్టు కావాలన్నా దాదాపుగా ఈ రోజు ఆర్డరు పెట్టొచ్చు. ఎట్లా? ఓనర్లు 1970లోనే సంఘం కట్టారు. ఏ పార్టు దొరకట్లేదు, ఎంతమందికి కావాలి, ఎవరి దగ్గర డ్రాయింగు ఉంది అని లెక్కలు రాసుకున్నారు. అదే కంపెనీ చేసిన స్టాగ్ అనే ఇంకో కారు ఓనర్లైతే దొరకని పార్టుల అచ్చులు చేయించడానికి డబ్బు వేసుకుని నిధే పెట్టారు. 1980లో ఆగిపోయిన ఎంజీబీ కారుకి 1988లో పాత అచ్చులు వెతికి కొత్త బాడీలు కొట్టడం మొదలుపెట్టారు. కొనేవాళ్లు ఒక చోట కనపడితే, చేసేవాడు తయారవుతాడు.

ఇప్పుడు మన సంగతి. నా రోటవేటరు పదకొండేళ్లది. గేరు బాక్సులో ఒక్క గేరు పోతే, ఆ మోడలు ఆగిపోయింది, కొత్తది కొనుక్కోమన్నారు షాపువాళ్లు. అది రెండేళ్లుగా చింతచెట్టు కింద ఉంది. మీ ఇళ్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. మా టౌన్లో పాత ఇంజిన్లు చెవితో విని చెప్పే మేస్త్రీకి డెబ్బై ఏళ్లు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. కొత్త ట్రాక్టరు EMIలకి ఒక కారు పంట పోతోంది. పాతది ఇంకో పదేళ్లు నడిస్తే ఆ డబ్బు మనకి మిగులుతుంది. ఇంగ్లండు వాళ్లది సరదా, మనది బతుకు. సంఘం అవసరం ఎవరికి ఎక్కువ?

నేను మొదలుపెట్టినవి చెబుతా. ఒకటి, ట్రాక్టరుకి ఒక నోటుబుక్కు పెట్టా. గంటలు, ఆయిల్ మార్చిన తేదీ, పార్టు నంబరు, బిల్లు అన్నీ అందులోనే. రేపు అమ్మినా ఆ పెద్దాయన ఫైలులాగా అదే ధర నిలబెడుతుంది. రెండు, మా నాలుగు ఊళ్లలో నా మోడలు ట్రాక్టర్లు ఎన్ని ఉన్నాయో రాస్తున్నా. ఇప్పటికి 23 తేలాయి. ఆ రోటవేటరువి 9. తొమ్మిది మందికి ఒకే గేరు కావాలంటే లేత్ మేస్త్రీ ధర వేరే చెబుతాడు, అడిగి చూశా. మూడు, పార్టుల పుస్తకాలు పారేయకండి. ఫోటోలు తీసి పంపండి, నేను ఒక చోట పెడతా.

మీ ఊళ్లో ఏ మోడలు బండి ఉంది, ఏ పార్టు దొరక్క పక్కన పడేశారు, కింద రాయండి. పేరు, ఊరు, పార్టు నంబరు చాలు. మంచి మేస్త్రీ ఎవరైనా ఉంటే ఆయన్ని అడిగి, ఒప్పుకుంటేనే వివరాలు ఇవ్వండి.

మా ఇంటావిడ సంగతి అడుగుతారేమో. తిరిగొచ్చే ముందు వారం కోడలి పక్కన కాకుండా మావాడి పక్కన ఆ కారులో కూర్చుని, గుడి దాకా పోయొచ్చింది. వాన పడింది. టాపు కారిందట.